చూడవచ్చు, మాట్లాడకూడదు

ఆ శుక్రవారం పొద్దున గ్లెన్ టూమీ వేసుకున్న పథకంలో కష్టమైనదేమీ లేదు. హాలర్ అనే ఊరికి కారులో వెళ్ళాలి. సాయంత్రం అక్కడి హైస్కూలు జట్టు ఆడే బాస్కెట్‌బాల్ ఆట చూడాలి. ఆ జట్టులో ఉన్న ఎలై స్టోల్జ్ అనే పొడుగాటి కుర్రాడి కంట పడాలి. తిరిగి రావాలి. ఇలాంటి ప్రయాణాలు చేసి చేసి నెబ్రాస్కా రాష్ట్రంలో ఏ పెట్రోలు బంకులో కాఫీ ఎంత చేదుగా ఉంటుందో అతనికి నోటికి వచ్చేసింది.

గ్లెన్ ప్రెయిరీ ఫోర్క్ కాలేజీలో అసిస్టెంట్ కోచ్. హైస్కూలు ముగించబోతున్న మంచి ఆటగాళ్ళను వెతికి పట్టుకుని, తమ కాలేజీకి వచ్చేలా చేయడం అతని పని. ఆట జరిగేటప్పుడు హెడ్ కోచ్ వాల్ట్ క్రూగర్ మొదటి కుర్చీలో కూర్చుంటాడు, గ్లెన్ రెండో కుర్చీలో. క్రూగర్‌కు కోపం వచ్చి గీత దాటి కోర్టులోకి వెళ్ళబోతే, వెనక నుంచి కోటు పట్టుకుని లాగడం రెండో కుర్చీవాడి బాధ్యత. అలా చిరిగిన కోట్లు కుట్టే దర్జీకి గ్లెన్ పేరు బాగా తెలుసు.

మొదటి కుర్చీ మీద గ్లెన్‌కు ఉన్నదాన్ని ఆశ అనలేం. ఆశ ఉన్నవాడు ఎవరితోనైనా చెప్పుకుంటాడు. ఇతను భార్య ఉన్న రోజుల్లో ఆమెతో కూడా చెప్పలేదు. ఆమె వెళ్ళిపోయిన కారణాల్లో అదీ ఒకటేమో. అన్నీ ఒకే రకం ఇనుప కుర్చీలు. ఆట అయ్యాక మడతపెట్టి గోడకు ఆనిస్తే ఏది ఏదో దేవుడికి కూడా తెలియదు. గ్లెన్‌కు తెలుసు. ఖాళీ జిమ్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అతను దాని మీద ఎన్నడూ కూర్చోలేదు. కూర్చుంటే అది ఉత్త కుర్చీ అని తేలిపోతుందేమోనన్న భయం లోపల ఎక్కడో ఉండేది.

వసంతంలో క్రూగర్ తప్పుకుంటున్నాడు. ఆ పొద్దున ఫోనులో ఆయన మళ్ళీ అదే మాట చెప్పాడు.

"ఎలైని తీసుకురావయ్యా. డైరెక్టరుకి నీ పేరే చెప్తాను. నోరు మాత్రం తెరవకు."

నోటి సంగతి ఏమిటంటే, ఆ నెలల్లో కాలేజీ కోచ్‌లు కుర్రాళ్ళను చూడవచ్చు, మాట్లాడకూడదు. కుర్రాడితోనే కాదు, వాడి తల్లిదండ్రులతోనూ, వాణ్ణి పెంచినవాళ్ళు వేరే ఉంటే వాళ్ళతోనూ. ఎదురుపడితే 'హలో' అని తప్పుకోవాలి. పెళ్ళిచూపులకు వెళ్ళి, పిల్ల తండ్రి పలకరించగానే గోడవైపు తిరిగి నిలబడటం లాంటిది. ఒక్క స్కూలు కోచ్‌తో మాత్రం ఎంతసేపైనా మాట్లాడవచ్చు. అందుకని ప్రతివాడూ తన కాలేజీ రంగు చొక్కా వేసుకుని, కుర్రాడికి కనబడే చోటు చూసుకుని కూర్చుంటాడు. నోరు చెప్పకూడనిది చొక్కా చెబుతుంది. గ్లెన్ చొక్కా ఊదా రంగు.

కిందటేడు ఒక కుర్రాడు కుంటుతూ ఎదురొస్తే గ్లెన్ పాపం ఊరుకోలేక 'మోకాలెలా ఉంది?' అన్నాడు. ఆ మూడు ముక్కలూ ఎవరో విన్నారు. విచారణ జరిగింది, కాలేజీకి చీవాట్లు పడ్డాయి, క్రూగర్ వారం రోజులు గ్లెన్‌ను మోకాలనే పిలిచాడు. అప్పటి నుంచి కొత్త ఊళ్ళో ఎవరైనా దారి అడిగినా గ్లెన్‌కు ముందు చెమట పట్టేది, తరువాత జవాబు వచ్చేది.

హాలర్ చేరేసరికి ఆటకు ఇంకా వేళ ఉంది. ప్రధాన వీధిలో ఉన్న ఒకే ఒక్క హోటల్లో కూర్చుని అతను చిల్లీ అనే వేడి మాంసం పులుసు, దాల్చినచెక్క రొట్టె చెప్పాడు. చలికాలం ఆ వైపు ఎవరైనా తినేది అదే. వడ్డించే పెద్దావిడ గిన్నె తెచ్చి, అతని ముందు పెట్టబోతూ, ఆట చూడటానికి వచ్చాడా అని అడిగింది. గ్లెన్ తలూపాడు. అయితే మా ఎలైని చూడాలి, మా తమ్ముడి కొడుకే, సగం రోజులు నా ఇంట్లోనే తిండి, నా చేతుల్లోనే పెరిగాడు అని ఆవిడ మురిసిపోయింది.

'పెరిగాడు' అన్న మాట చెవిన పడగానే గ్లెన్ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. కుర్చీ తగిలి ఆవిడ చేతిలోని గిన్నె ఒరిగింది. దానిలోని చిల్లీ మొత్తం ఊదా చొక్కా మీదికి దిగింది.

"అయ్యో నాయనా, కాలిందా?"

గ్లెన్ ఆలోచించాడు. పెంచిన అత్తయ్య పెంచినవాళ్ళ కిందికి వస్తుందా, రాదా? నిబంధనల్లో అత్తయ్యల గురించి విడిగా ఏమీ లేదు.

"హలో," అన్నాడు.

వెర్నా అనే ఆ పెద్దావిడ అతణ్ణి ఒక్క క్షణం జాలిగా చూసింది. వద్దనడానికి నోరు కావాలి గనక అతను వద్దనలేకపోయాడు; ఆవిడ చొక్కా విప్పించి, వెనక గదిలో ఉతుకుతానని తీసుకుపోయి, ఎవరో మరిచిపోయిన ఆకుపచ్చ స్వెట్టరు ఒకటి తెచ్చి తొడిగించింది. హాలర్ జట్టు రంగు ఆకుపచ్చ. ఊళ్ళో పోయిన వస్తువులన్నీ ఆ రంగులోనే ఉంటాయి. ఆవిడ గుండీలు పెడుతూ, మా జట్టు కోసమే వచ్చావా నాయనా అని అడిగింది. అది అబద్ధం కాదు. గ్లెన్ మళ్ళీ తలూపాడు.

అతనికి తెలియనిది ఒకటుంది. హాలర్ స్కూలుకు కోచ్ లేడు. ఉన్నాయన క్రిస్మస్‌కు మానేసి వెళ్ళిపోయాడు. ఆయన మీద ఊరివాళ్ళ ఫిర్యాదు ఒక్కటే, మాట్లాడతాడు. విరామంలో ఆయన ఉపన్యాసం తెమలక రెండో సగం ఆలస్యంగా మొదలైన రోజులున్నాయి. కొత్తవాణ్ణి తీసుకోవడానికి ఆ ఊరి పద్ధతి ఆఫీసు గదిలో ప్రశ్నలు అడగడం కాదు. వచ్చినవాణ్ణి ఒక ఆటకు పిలిచి, జట్టు కుర్చీల వెనక వరసలో కూర్చోబెడతారు. అతను ఆట చూస్తాడు, ఊరు అతణ్ణి చూస్తుంది. ఒమాహా నుంచి ఒకాయన ఆ సాయంత్రమే రావలసి ఉంది. వెర్నా తమ్ముడికి ఫోను చేసి, మనిషి వచ్చాడనీ, మాట పొదుపనీ చెప్పింది.

వెర్నా తమ్ముడు డారెల్ స్టోల్జ్. స్కూలు బోర్డు అధ్యక్షుడు, ఎలై తండ్రి.

జిమ్ తలుపు దగ్గర ఆయన చేయి చాపి ఎదురొచ్చేసరికి, ఫోటోల్లో చూసి ఉన్న గ్లెన్ వెంటనే గుర్తుపట్టాడు. 'హలో' అన్నాడు. అని, పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నవాడిలా తలెత్తి నిలబడ్డాడు. డారెల్ కూడా తలెత్తి చూశాడు. దూలాలు బాగానే ఉన్నట్టు తోచి, అతిథిని భుజం మీద చేయివేసి తీసుకువెళ్ళి, జట్టు వెనక వరసలో కూర్చోబెట్టాడు. ఎలై తల్లి మార్లిస్ చెర్రీ పండ్లు కూరి కాల్చిన 'పై' అనే మిఠాయి ముక్కను పళ్ళెంలో తెచ్చి ఒళ్ళో పెట్టింది. ఆమెకూ ఒక హలో. ఇంత మర్యాద చేసే కుటుంబాన్ని గ్లెన్ తన ఉద్యోగంలో చూడలేదు. మర్యాద ఎక్కువైనకొద్దీ అతని భయమూ ఎక్కువైంది.

ఎదుటి మెట్ల మీద మిగతా కాలేజీల అసిస్టెంట్లు తమ తమ రంగుల్లో వరసగా కూర్చుని ఉన్నారు. పసుపు చొక్కాలో ఉన్న ట్రెంట్ పాత స్నేహితుడు, పాత శత్రువు కూడా. లేచి వచ్చి చెవిలో, "ఏంటి గురూ, పార్టీ మార్చావా?" అన్నాడు. గ్లెన్ స్వెట్టరునూ, ఒళ్ళోని పళ్ళేన్నీ చూసుకున్నాడు. జవాబు పొడుగు. ట్రెంట్ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆట మొదలైంది. ఎలై అందంగా ఆడే కుర్రాడు. బంతి అందుకునే ముందు ఒక్క రెప్పపాటు ఆగుతాడు, ఎవరో పిలిస్తే విన్నట్టుగా. గ్లెన్‌కు ఆ ఆగడం నచ్చింది. చాలామంది కుర్రాళ్ళను ప్రేమించాడతను, ఇలాగే, దూరం నుంచి. వాళ్ళు నాలుగేళ్ళు ఆడి వెళ్ళిపోతారు. పెళ్ళిళ్ళకు క్రూగర్‌ను పిలుస్తారు. ఈవేళ మాత్రం ఇంకేదో తేడాగా ఉంది. మెడ వెనక వెచ్చగా ఉంది. తిరిగి చూస్తే జిమ్ నిండా ఉన్న ఊరు ఆట చూడటం లేదు, అతణ్ణి చూస్తోంది. పాపాయిలను ఎత్తుకున్న ఆడవాళ్ళు, టోపీలు ఒళ్ళో పెట్టుకున్న రైతులు, అందరూ. ఇన్నేళ్ళుగా అతను చూసేవాడు. చూసేవాణ్ణి ఎవరూ చూడరు. తనను ఎవరైనా ఇలా చూడాలని తాను ఎంతకాలంగా కోరుకుంటున్నాడో, ఆ వెచ్చదనం తగిలాకే అతనికి తెలిసింది. వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఒళ్ళోని 'పై' కూడా కొంచెం తిన్నాడు.

విరామం అయ్యేసరికి హాలర్ బాగా వెనకబడి ఉంది. తాత్కాలికంగా జట్టును చూస్తున్నది ప్రూయిట్ అనే పశువుల పెంపకం మాస్టారు. జట్టు బస్సు ఆయనే నడుపుతాడు గనక కోచ్ పని కూడా ఆయన మీదే పడింది. రెండో సగంలో ఇంకో మూడుసార్లు బంతి పోయాక ప్రూయిట్ కుర్చీలో వెనక్కి తిరిగాడు.

"నాకు దూడల సంగతి తెలుసండీ. వీళ్ళ సంగతి తెలీదు. మీరేమంటారు?"

స్కూలు కోచ్. మాట్లాడవచ్చు. పొద్దుటి నుంచి బిగబట్టిన నోరు గ్లెన్‌కు తెలియకుండానే తెరుచుకుంది.

"ఎలై బుట్ట కిందే నిలబడుతున్నాడు, అవతలివాళ్ళు ముగ్గురు వాణ్ణి చుట్టేస్తున్నారు. వాణ్ణి పైకి, ఫ్రీ త్రో గీత దగ్గరికి పిలవండి. ముగ్గురూ వెంటే వస్తారు. బుట్ట కింద ఎవరూ ఉండరు. ఆ పొట్టివాణ్ణి అటు పరిగెత్తమనండి, ఎలై వాడికి బంతి ఇస్తాడు."

ప్రూయిట్ ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు కుర్రాళ్ళకు చెప్పాడు. పొట్టివాడు పరిగెత్తాడు. బంతి బుట్టలో పడింది. మళ్ళీ పడింది. గ్లెన్ ముందుకు వంగి ప్రూయిట్ చెవిలో చెబుతూ పోయాడు, ప్రూయిట్ పైకి అంటూ పోయాడు. ఇన్నేళ్ళూ క్రూగర్ చెవిలో కూడా అతను ఇలాగే చెప్పేవాడు. క్రూగర్ వినకుండా అరిచేవాడు. తన మాట బయటికి వెళ్ళి కుర్రాళ్ళ కాళ్ళలో కదలడం గ్లెన్ మొదటిసారి చూస్తున్నాడు.

చివరి భాగం మొదలయ్యే ముందు ప్రూయిట్ లేచి, పక్క కుర్చీలోకి జరిగి, ఖాళీ అయిన మొదటి కుర్చీని అరచేత్తో తట్టాడు.

"రండి సార్, వచ్చే నవంబరులో ఆటలు మొదలైతే ఎలాగూ కూర్చునేవారే. ఇప్పుడే కూర్చోండి, నాకు మెడ నొప్పెడుతోంది."

అప్పటికి గ్లెన్‌కు అంతా అర్థమైంది. ఒళ్ళోని 'పై', వెనక వరస, ఊరి చూపులు, అన్నీ. లేచి నిలబడి, పొరపాటు జరిగింది, నేను ఆ మనిషిని కాను అని చెప్పాలి. ఎవరికి చెప్పాలి? బోర్డు అధ్యక్షుడికి. బోర్డు అధ్యక్షుడు ఎవరు? ఎలై తండ్రి. ఎలై తండ్రితో మాట్లాడకూడదు. నిబంధన నిబంధనే. ఈ తర్కంలో ఉన్న చిల్లు ఎక్కడుందో గ్లెన్‌కు తెలియకపోలేదు. తెలిసీ దాన్ని చూడకుండా, రెండు అడుగులు వేసి, మొదటి కుర్చీలో కూర్చున్నాడు.

రెఫరీ అటు చూశాడు. ఆయనకు కూడా ప్రూయిట్ ఆట నడిపే తీరు తెలుసు. ఆట సాగనిచ్చాడు.

ఆఖరి నిమిషంలో స్కోరు సమానమైంది. ఆట ఆపించి కుర్రాళ్ళు చుట్టూ చేరారు. ప్రూయిట్ గ్లెన్‌వైపు చూశాడు. గ్లెన్ చెప్పబోయాడు. అంతలో ఎలై వంగి, చెమట కారుతున్న ముఖం దగ్గరగా పెట్టి సూటిగా అతణ్ణే అడిగాడు.

"సార్, కుడివైపు వెళ్ళనా, ఎడమవైపా?"

జవాబు ఎడమ. నాలుక చివర ఉంది. తండ్రి వెనకే నిలబడి ఉన్నాడు, ఎదుటి మెట్ల మీద ట్రెంట్ ఫోను ఎత్తి పట్టుకుని ఉన్నాడు. గ్లెన్ చెప్పలేక, చెప్పాలన్న కోరికనంతా కళ్ళలోకి తెచ్చుకుని కుర్రాడివైపు చూశాడు. జట్టు అంతా నిశ్శబ్దం. పాత కోచ్ ఉపన్యాసాలు విన్న కుర్రాళ్ళకు అంత నిశ్శబ్దం కొత్త.

"అర్థమైంది సార్," అన్నాడు ఎలై.

వెళ్ళి కుడివైపు నుంచి దూకి బంతి వేశాడు. హాలర్ గెలిచింది.

ఊరు కోర్టులోకి దిగింది. ఆ గోలలోనే గ్లెన్ జేబులో ఫోను కదిలింది. అతను బంతులు పెట్టే చిన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ట్రెంట్ తీసిన ఫోటో అప్పటికే క్రూగర్‌కు చేరింది. ఎలై పేరు మన పట్టికలోంచి కొట్టేశాం, చేసిన తప్పు మనమే పైవాళ్ళకు చెప్పుకోవాలి, సోమవారం వచ్చి నీ సామాను తీసుకుపో అని క్రూగర్ ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. గ్లెన్ అంతా విన్నాడు. విని, తన గొంతు తనకే కొత్తగా తోస్తుండగా, డైరెక్టరుకు తన పేరు చెప్పారా అని అడిగాడు.

క్రూగర్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంకో రెండేళ్ళు ఉంటున్నానని పోయిన వారమే డైరెక్టరుతో చెప్పాను."

"నాతో చెప్పలేదేం కోచ్?"

"చెప్తే ఇంత చలిలో హాలర్ వెళ్ళేవాడివా?"

గ్లెన్ ఫోను జేబులో పెట్టుకుని, బంతుల మధ్య కొంతసేపు నిలబడ్డాడు. ఏడుపు రాలేదు. ఎవరిదో ఇంట్లో చాలా ఏళ్ళు అద్దెకు ఉండి, ఆ ఇల్లు ఎప్పుడో అమ్ముడుపోయిందని ఇప్పుడు విన్నట్టు ఉంది. తరువాత ఇంకో సంగతి తట్టింది. ఎలై పేరు కొట్టేశారు. ఇక ఎవరితోనైనా మాట్లాడవచ్చు.

తలుపు తీసేసరికి డారెల్, మార్లిస్, వెర్నా ఎదురుగానే ఉన్నారు. వెర్నా చేతిలో మడతపెట్టిన ఊదా చొక్కా ఉంది.

"మీరు ఎదురుచూసిన మనిషిని నేను కానండీ," అన్నాడు గ్లెన్. "ప్రెయిరీ ఫోర్క్ కాలేజీ మనిషిని. మీ అబ్బాయి కోసం వచ్చాను. ముందే చెప్పాల్సింది."

"తెలుసు," అన్నాడు డారెల్. "ఉతికేటప్పుడు అక్క చొక్కా మీద పేరు చదివింది. ఒమాహా ఆయన కూడా విరామంలో ఫోన్ చేశాడు, వేరేచోట కుదిరిందట. నిన్ను లేపేద్దామనే నీ వెనక్కి వచ్చాను."

"మరి లేపలేదేం?"

"అప్పుడు నువ్వు ప్రూయిట్‌కి చెప్తున్నావు. వినాలనిపించింది. తర్వాత నువ్వే ముందుకెళ్ళి కూర్చున్నావు. అంత ఇష్టంగా కూర్చున్నవాణ్ణి లేపడం బాగుండదని మా ఆవిడ అంది."

మార్లిస్ నేల చూపులు చూసింది. బోర్డు సభ్యులు అప్పటికే 'పై' ముక్కలు అమ్మే బల్ల చుట్టూ నిలబడి సమావేశం ముగించేశారు. జీతం తక్కువ, పగలు పిల్లలకు కారు నడపడం నేర్పాలి, ఇల్లు వెర్నా హోటలు మీద ఉంది, సమ్మతమేనా అని అడిగారు.

వేసవి రాకముందే ఎలై చదువు ముగించి వెళ్ళిపోతాడని గ్లెన్‌కు తెలుసు. వాడి కింది తరగతుల్లో ఆటగాళ్ళెవరో కూడా తెలుసు. తెలుసుకోవడమే అతని వృత్తి. ఎవరూ లేరు. ఒప్పుకుంటున్నానన్నాడు.

బయటికి వస్తుంటే ఎలై తలుపు దగ్గర బూట్ల తాళ్ళు కట్టుకుంటూ కనిపించాడు. గ్లెన్ ఆగాడు. ఈ కుర్రాడితో మాట్లాడటానికి ఏడాదిగా దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటే దొరికింది.

"నేను ఎడమవైపు వెళ్ళమన్నాను."

"మీరేమీ అనలేదు కదా సార్," అన్నాడు ఎలై మర్యాదగా. "అందుకే నాకు నచ్చినవైపు వెళ్ళాను."

ఎలై ట్రెంట్ వాళ్ళ కాలేజీలో చేరాడు. తరువాతి శీతాకాలం గ్లెన్ హాలర్ జిమ్‌లో మొదటి కుర్చీలో కూర్చున్నాడు. వెనక్కి తిరగకుండానే ఊరి చూపు మెడ మీద తెలిసేది. అయితే అన్నేళ్ళు కోరుకున్నది దొరికాక కోరిక లేచి వెళ్ళిపోతుందనుకున్నాడు. అది వెళ్ళలేదు, చోటు మార్చుకుని జిమ్ తలుపు దగ్గర నిలబడింది. ఆట మధ్యలో అతని కళ్ళు అటే పోయేవి, ఏ కాలేజీవాడైనా లోపలికి వచ్చి, ఈ పొట్టి కుర్రాళ్ళలో ఒకణ్ణయినా ఆగి చూస్తాడేమోనని. ఎవరూ రాలేదు. ఆ ఏడాది హాలర్ మూడు ఆటలు గెలిచింది. అందులో ఒకటి, అవతలి జట్టు బస్సు మంచులో కూరుకుపోయి రాకపోవడం వల్ల.